కాలు బాగానే ఉంది, కబురే అందడం లేదు

ప్రియమైన పిల్లలకు,

వీల్‌చైర్‌లో ఉండే మనిషి కరెంటు సాయంతో లేచి నాలుగు అడుగులు వేసే వీడియోలు మీరు చూసే ఉంటారు. చూశాక ఒక ప్రశ్న రావడం సహజం. ఆ మెషిన్ అందరికీ పెట్టేస్తే సరిపోతుంది కదా, ఇంకా వీల్‌చైర్లు ఎందుకు? ఫిజియోథెరపిస్టుగా చాలా ఏళ్లు పనిచేసిన దాన్ని కాబట్టి దీనికి జవాబు తీరిగ్గా చెప్తాను.

మనం కాలు కదపాలనుకుంటే ఆ కబురు మెదడు నుంచి వెన్నుపాము గుండా దిగుతుంది. అక్కడ ఇంకో నాడీకణం దాన్ని అందుకుని కండరం దాకా చేరుస్తుంది. యాక్సిడెంట్‌లోనో, ఎత్తు నుంచి పడో వెన్నుపాము దెబ్బతింటే పైనుంచి వచ్చే కబురు మధ్యలోనే ఆగిపోతుంది. రెండు కాళ్లూ ఇలా పడిపోవడాన్ని పారాప్లీజియా అంటారు. చాలామంది గమనించని సంగతి ఏమిటంటే, దెబ్బ వీపు పైభాగంలో తగిలితే దాని కింద కాళ్లకు వెళ్లే నరాలు, కండరాలు బతికే ఉంటాయి. వాటికి పని చెప్పేవాళ్లే లేరు.

మన నరాలు నడిచేదే విద్యుత్తుతో. ఇటలీలో లూయిజీ గాల్వానీ చచ్చిన కప్ప కాలు విద్యుత్తుకు ఎగరడం చూసి, ఆ సంగతి 1791లో ప్రచురించాడు. మెదడు పంపలేని కబురు బయటి నుంచి మనమే ఎందుకు పంపకూడదు అన్న ఆలోచనకు మూలం అదే. ఈ పద్ధతిని ఫంక్షనల్ ఎలక్ట్రికల్ స్టిమ్యులేషన్ అంటారు, పొట్టిగా ఎఫ్‌ఈఎస్. 1960లో అమెరికా సర్జన్ ఏడ్రియన్ కాంట్రోవిట్జ్ తొడ, పిర్ర కండరాలకు కరెంటు ఇచ్చి, కాళ్లు పడిపోయిన మనిషిని కొన్ని నిమిషాలు నిలబెట్టాడు.

అది ఎలా ఉంటుందో దగ్గర నుంచి చూపిస్తాను. తొడ ముందు భాగాన్ని తుడిచి, జిగురున్న రెండు ప్యాడ్లు అంటిస్తాం. ఒకటి పైన, బయటి వైపు. ఇంకోటి మోకాలికి కాస్త పైన, లోపలి వైపు. కరెంటు చాలా తక్కువతో మొదలుపెట్టి మెల్లగా పెంచుతాం. మొదట ఏమీ జరగదు. తర్వాత చర్మం కింద సన్నగా అల కదిలినట్టు అవుతుంది. ఇంకాస్త పెంచితే మోకాలి చిప్ప పైకి లాక్కుంటుంది, కండ గట్టిపడుతుంది, మడమ నేల మీద నుంచి లేస్తుంది, కాలు నిటారుగా చాచుకుంటుంది. ఆ మనిషికి స్పర్శ లేదు కాబట్టి కాలు కదిలిందని తెలియదు, కళ్లతో చూసి తెలుసుకోవాల్సిందే. నెలల తరబడి కదలని తన కాలు కదలడం మొదటిసారి చూసినప్పుడు కొందరు నవ్వుతారు, కొందరు ఏడుస్తారు. మనం మాట్లాడకుండా కాసేపు ఊరుకోవడమే మంచిది.

ఇది ఇంట్లో ప్లగ్గులో వచ్చే కరెంటు లాంటిది కాదు పిల్లలూ, దాంతో ఎప్పుడూ ప్రయోగాలు చేయకండి, ప్రాణం పోతుంది. ఈ మెషిన్ సెకనుకు సుమారు 20 నుంచి 50 చిన్న తాకిళ్లు ఇస్తుంది. ఒక్కో తాకిడి సెకనులో వెయ్యో వంతు కూడా ఉండదు. ఆ కరెంటు ఒకే కాలి మీదున్న రెండు ప్యాడ్ల మధ్యే తిరుగుతుంది, గుండె వైపు పోదు. అది నేరుగా కండరాన్ని కదిపిందనుకుంటాం గానీ నిజానికి కండరంలోకి వెళ్లే నరాన్ని లేపుతుంది. అందుకే నడుము దగ్గర దెబ్బ తగిలి ఆ నరాలే పాడైనవాళ్లకు ఈ మామూలు మెషిన్ పనిచేయదు. ఎవరికి పనిచేస్తుందో ముందే పరీక్షించి చూస్తాం.

ఇంత బాగుంటే మరి అందరూ లేచి ఎందుకు నడవడం లేదు? అలసట వల్ల. మనం మామూలుగా నిలబడినప్పుడు కండలోని పోగులన్నీ ఒకేసారి పనిచేయవు. భుజాలు మార్చుకుంటూ పల్లకీ మోసే బోయీల్లా కొన్ని మోస్తుంటే కొన్ని విశ్రాంతి తీసుకుంటాయి. బయటి కరెంటుకు ఆ వంతులు తెలియవు. ప్రతిసారీ అవే పోగుల్ని, అన్నిటినీ ఒక్కసారే లేపుతుంది. పైగా బలంగా ఉండి త్వరగా అలిసిపోయే పోగులు కూడా మొదటి నుంచే పనిలో దిగాల్సి వస్తుంది. కాసేపటికే తొడ వణుకుతుంది, మోకాలు మడత పడబోతుంది. ఒక పెద్ద ప్యాడ్ బదులు నాలుగు చిన్నవి పెట్టి వంతులవారీగా కరెంటు ఇస్తే అలసట తగ్గుతుందని పరిశోధకులు చూశారు. నాకు ఆ ఆలోచన చాలా నచ్చింది.

1982లో అమెరికాలోని రైట్ స్టేట్ యూనివర్సిటీలో జెరాల్డ్ పెట్రోఫ్‌స్కీ బృందం నాన్ డేవిస్ అనే విద్యార్థిని చేత ఈ పద్ధతిలో అడుగులు వేయించింది. మరుసటి ఏడాది పక్కవాళ్లు పట్టుకుని ఉండగా ఆమె నడుచుకుంటూ వెళ్లి డిగ్రీ పట్టా అందుకుంది. అది చూసి లోకం ఉప్పొంగిపోయింది. కానీ అలా నడవడానికి చేతుల మీద ఎంత బరువు మోపాలో, ఎంత ఆయాసం వస్తుందో టీవీలో కనిపించదు. ఒకచోటి నుంచి ఇంకోచోటికి వెళ్లడానికి వీల్‌చైరే తేలిక, వేగం కూడా. దాన్ని ఓటమి గుర్తుగా చూడడం నాకు బాధ కలిగిస్తుంది.

ఈ కరెంటు అసలు మేలు వేరే చోట ఉంది. కదలని కండ కరిగిపోతుంది, ఎముక గుల్లబారుతుంది, కాళ్లలో రక్తం సరిగా తిరగదు, కూర్చున్న చోట పుండ్లు పడతాయి. ఎఫ్‌ఈఎస్ సైకిల్ మీద కూర్చుంటే కంప్యూటర్ పెడల్ ఎక్కడుందో చూసుకుంటూ తొడ ముందు, తొడ వెనక, పిర్ర కండరాలకు వరసగా కరెంటు ఇస్తుంది. సొంత కాళ్లే పెడల్ తొక్కుతాయి. వారానికి కొన్ని రోజుల చొప్పున నెలలపాటు తొక్కితే తొడ కండ పెరుగుతుంది, గుండెకు వ్యాయామం దొరుకుతుంది. 2016లో స్విట్జర్లాండ్‌లో, వైకల్యం ఉన్నవాళ్లు యంత్రాల సాయంతో పాల్గొనే సైబథ్లాన్ పోటీల్లో ఇలాంటి సైకిళ్లకు 750 మీటర్ల రేసు పెట్టారు. ప్యాడ్ల బదులు శరీరం లోపలే కరెంటు అందించే ఎలక్ట్రోడ్లు అమర్చుకున్న విజేత మూడు నిమిషాల లోపే ముగించాడు. ఆరోగ్యంగా ఉన్నవాళ్ల వేగంతో పోలిస్తే అది తక్కువే కావచ్చు, కానీ తొక్కింది ఆయన కండలే.

నడక ఒక్కటే వాళ్ల కోరిక అనుకోకండి. మూత్రం మీద అదుపు తిరిగి వస్తే చాలు, నడక సంగతి తర్వాత అన్నవాళ్లను నేను ఎంతోమందిని చూశాను. దానికీ కరెంటు సాయం ఉంది. 1970లలోనే బ్రిటన్‌లో జైల్స్ బ్రిండ్లీ వెన్ను అడుగున నరాలకు అమర్చే పరికరం తయారుచేశాడు. అయితే దాని గురించి ఎవరూ వీడియోలు తీయరు.

జాగ్రత్తలూ ఉన్నాయి. స్పర్శ లేని చర్మం కాలినా తెలియదు, అందుకే ప్యాడ్ తీశాక ప్రతిసారీ చర్మం చూడాలి. కండ గట్టిగా లాగితే గుల్లబారిన ఎముక విరగవచ్చు. ఛాతీ మధ్యకు పైన దెబ్బ తగిలినవాళ్లకు బీపీ ఒక్కసారిగా పెరిగిపోయే ప్రమాదం ఉంది. గుండెకు పేస్‌మేకర్ ఉంటే డాక్టర్ ఒప్పుకోనిదే మెషిన్ ముట్టుకోకూడదు.

ఇప్పుడు కండను వదిలి నేరుగా వెన్నుపాముకే కరెంటు ఇచ్చే పరిశోధనలు నడుస్తున్నాయి. 2023లో స్విట్జర్లాండ్ పరిశోధకులు మెదడు మీద అమర్చిన పరికరాన్ని వెన్నుపాము మీది పరికరంతో వైర్‌లెస్‌గా కలిపారు. గెర్ట్ యాన్ ఓస్కామ్ అనే డచ్ వ్యక్తి తను నడవాలనుకున్నప్పుడే అడుగు పడేలా చేయగలిగారు. శిక్షణ తర్వాత ఆ పరికరం ఆపేసినా ఊతకర్రలతో కొన్ని అడుగులు వేయగలిగాడు. ఆయన వెన్నుపాము పూర్తిగా తెగిపోలేదన్నది గుర్తుంచుకోవాలి. ఆ పద్ధతికి ఆపరేషన్లు కావాలి, అది ఇంకా పరిశోధన దశలోనే ఉంది.

ప్యాడ్లతో చేసే వైద్యం మాత్రం ఇప్పటికే ఉంది. మీకు తెలిసినవాళ్లలో ఎవరికైనా వెన్నుకు ఇలాంటి దెబ్బ తగిలితే, కండ కరిగిపోయేదాకా ఆగకుండా ఎఫ్‌ఈఎస్ తమకు పనికొస్తుందేమో డాక్టర్‌ను అడగమని చెప్పండి.

ప్రేమతో,
మీ అమ్మమ్మ