తొడ కొవ్వు, పిక్క కండ

కాళ్లు సన్నబడాలంటే కాళ్లకే వ్యాయామం చెయ్యాలన్న మాట వినడానికి న్యాయంగానే ఉంటుంది. కానీ శరీరం ఈ లెక్కను పాటించదు. చర్మం కింది కొవ్వు కణాల్లోని నిల్వ, అడ్రినలిన్ వంటి హార్మోన్ల ప్రేరణతో ఫ్యాటీ ఆమ్లాలుగా విడిపోయి రక్తంలో చేరుతుంది; పనిచేస్తున్న కండరం తనలో ఉన్న కొద్దిపాటి నిల్వతో పాటు ఆ రక్తం నుంచి ఇంధనం అందుకుంటుందే తప్ప, తనను కప్పి ఉన్న పొర నుంచి నేరుగా పీల్చుకోదు. తొడలు శ్రమిస్తున్నప్పుడు ఖర్చయ్యే కొవ్వు పొట్టదీ కావచ్చు, వీపుదీ కావచ్చు.

దీన్ని పరీక్షించి చూసినవారు ఉన్నారు. 1971లో టెన్నిస్ క్రీడాకారుల రెండు చేతులనూ కొలిచి పోల్చినప్పుడు, రాకెట్ పట్టే చెయ్యి లావుగా ఉన్నా చర్మం కింది కొవ్వు మందంలో చెప్పుకోదగిన తేడా కనిపించలేదు. 2013లో వెలువడిన అధ్యయనం ఇంకా తమాషా అయినది. అందులో పాల్గొన్నవారు 12 వారాల పాటు ఒక్క కాలితోనే, విడతకు దాదాపు వెయ్యిసార్లు, బరువును నెట్టారు. కొవ్వు తగ్గిన మాట నిజమే, అయితే తగ్గింది శ్రమపడిన కాలిలో కాదు, చేతుల్లోనూ మొండెంలోనూ!

స్త్రీలలో ఈస్ట్రోజెన్ అనే హార్మోన్ ప్రభావం వల్ల తొడలు, పిరుదుల దగ్గర కొవ్వు ఎక్కువగా చేరుతుంది. హార్మోన్ల సంకేతాలను అందుకుని, నిల్వ బయటికి పోకుండా అడ్డుపడే గ్రాహకాలు అక్కడి కణాలపై అధికం కనుక, ఆ కొవ్వు నిదానంగా కదులుతుంది. దాన్ని శత్రువుగా చూడటం మాత్రం అన్యాయం. ఫ్రెంచి వైద్యుడు జాఁ వాగ్ 1947లోనే గమనించినట్లు, మధుమేహం వంటి జబ్బులతో గట్టి సంబంధం ఉన్నది నడుముకు పైభాగాన చేరే కొవ్వుకే.

ఒంట్లో ఎక్కడి కొవ్వు తగ్గాలన్నా తినేదానికన్నా ఖర్చు ఎక్కువ కావాలి, అంతకుమించి రహస్యమేమీ లేదు. కిలో కొవ్వులో సుమారు 7,700 కేలరీల శక్తి ఉంటుంది. రోజుకు 500 కేలరీల లోటు పెట్టుకున్నా అది కరగడానికి రెండు వారాలు దాటుతుంది. అందులో ఎంత వాటా తొడలది అన్నది మన చేతిలో లేదు.

మన చేతిలో ఉన్నది కండ. కుర్చీలో కూర్చుని, పిక్క మీద అరచెయ్యి ఆనించి, మడమలు పైకెత్తి చూడండి: వెనకవైపు ఉబ్బు పెద్దగా బిగుసుకోదు. లేచి నిలబడి, మోకాళ్లు నిటారుగా ఉంచి, మునివేళ్లపై లేస్తే అదే ఉబ్బు రెండు ముద్దలుగా గట్టిపడుతుంది. పైన కనిపించే ఆ గ్యాస్ట్రోక్నీమియస్ కండరం మోకాలు దాటి తొడ ఎముకకు అతుక్కుని ఉండటమే ఇందుకు కారణం. మోకాలు మడిస్తే అది వదులై, భారమంతా అడుగున ఉన్న సోలియస్ అనే కండరం మీద పడుతుంది. పిక్కకు ఆకృతి కావాలనుకునేవారు నిలబడే మడమలెత్తాలి. కండ ఎక్కడ ముగిసి, దాన్ని ఎముకకు కలిపే స్నాయువు ఎక్కడ మొదలవుతుందన్నది పుట్టుకతో వచ్చేది, దాన్ని ఏ కసరత్తూ మార్చలేదు.

తొడలకు, పిరుదులకు గుంజీలు, ఒక కాలు ముందుకు వేసి మోకాలు వంచే లంజ్‌లు చాలు, చివరి నాలుగైదు సార్లు కష్టమనిపించేంత బరువు ఉండాలి. తొలి వారాల్లో పెరిగే బలం చాలావరకు నరాలు నేర్చుకున్న నేర్పు. కంటికి కనిపించే మార్పుకు రెండు మూడు నెలలు పడుతుంది. కొత్తగా మొదలుపెట్టిన రోజుల్లో కండరాలు కాస్త వాచి టేపు కొలత పెరగడమూ ఉంది. అది చూసి బెదిరి మానేసేవారే ఎక్కువని నా అనుమానం. కాళ్లు మగవాళ్ల కాళ్లలా అయిపోతాయన్న స్త్రీల భయానికీ ఆధారం లేదు, కండను పెంచే పురుష హార్మోన్ టెస్టోస్టెరాన్ వారిలో చాలా తక్కువ.

లావుగా కనిపించేదంతా కొవ్వు కాదు. బొటనవేలితో మోకాలి కింద కాలి ముందువైపు ఎముక మీద కాసేపు నొక్కి తీసినప్పుడు గుంట మిగిలితే అది నీరు, దాని కారణం వైద్యుడే తేల్చాలి. 1940లో వర్ణించిన లిపెడీమా అనే కొవ్వు జబ్బు మరో రకం: పాదాలను వదిలి రెండు కాళ్లూ సమానంగా లావెక్కుతాయి, ముట్టుకుంటే నొప్పి, చిన్న దెబ్బకే కమిలిపోవడం ఉంటాయి. బరువు తగ్గితే ముఖం, నడుము సన్నబడతాయి కానీ, ఆ కాళ్లు మాత్రం దాదాపు అలాగే ఉండిపోతాయి.