కాలిన గాయానికి పథ్యం పెట్టవద్దు

దేవరకొండ

చిరంజీవులైన పిల్లలకు, మీ అమ్మమ్మ ఆశీస్సులతో రాయునది.

మరిగే గంజి మీద పడి కాళ్లు, పొట్ట కాలిన మీ పక్కింటి పాపకు, పప్పూ గుడ్డూ తింటే చీము పడుతుందని ఇంట్లో చారన్నం మాత్రమే పెడుతున్నారని, అది మంచిదేనా అని అడిగారు. మంచిది కాదు. చీము పట్టేది గాయంలో సూక్ష్మక్రిములు చేరడం వల్లనే గాని, పప్పు తినడం వల్ల కాదు. కాలిన గాయాల వార్డులో నర్సుగా పనిచేసినదాన్ని కనుక వివరంగా రాస్తున్నాను.

చర్మం ఎక్కువ మేర కాలినప్పుడు గాయం నుంచి పసుపుపచ్చని రసి ఊరుతూనే ఉంటుంది. కట్టు విప్పితే గుడ్డ తడిసి బరువెక్కి ఉంటుంది. చూసినవారు ఒట్టి నీరనుకుంటారు, కానీ దానితోపాటు రక్తంలోని ప్రొటీన్లు కూడా పోతున్నాయి. లోపలి నష్టం ఇంకా పెద్దది. హార్మోన్ల ఉధృతి వల్ల, మంచం మీద కదలకుండా పడుకున్న మనిషి కూడా చాలా శక్తిని ఖర్చుచేస్తాడు. ఒళ్లు 40 శాతానికి మించి కాలితే ఆ ఖర్చు మామూలుకు దాదాపు రెట్టింపు కావచ్చు. తిండి చాలనప్పుడు, కట్టెలు లేక ఇంటి దూలాలనే పొయ్యిలో పెట్టినట్టు, శరీరం తన కండలనే కరిగించుకుంటుంది. తొడలు సన్నబడతాయి, దగ్గి కఫం తీసే బలం కూడా తగ్గుతుంది.

కొత్త చర్మానికి ఆధారమైన కొలాజెన్ ఒక ప్రొటీన్. క్రిములతో పోరాడే యాంటీబాడీలు కూడా ప్రొటీన్లే. అవి చాలకపోతే గాయం మానడం ఆలస్యమవుతుంది, ఒంట్లో వేరేచోటి నుంచి తీసి గాయం మీద అతికించిన చర్మం సరిగా పట్టదు. ఆరోగ్యంగా ఉన్న పెద్దవారికి రోజుకు కిలో బరువుకు 0.8 గ్రాముల ప్రొటీన్ సరిపోతుంది. తీవ్రంగా కాలినవారికి 1.5 నుంచి 2 గ్రాములు, పిల్లలకు 3 గ్రాముల వరకు కావాలి. అంటే 50 కిలోల మనిషికి 75 నుంచి 100 గ్రాములు. ఒక గుడ్డులో ఉండేది 6 గ్రాములే కనుక, నొప్పితో, మందుల వల్ల ఆకలి చచ్చిన రోగి అంత తినలేడు. అందుకే పాలలో ప్రొటీన్ పొడి కలిపి కొద్దికొద్దిగా తాగిస్తాము; నోటితో చాలనివారికి ముక్కు గుండా సన్నని గొట్టం వేసి, నిద్రలో కూడా చుక్కచుక్కగా ఆహారం పోయేలా చేస్తాము. ఆసుపత్రిలో దీన్ని వీలైతే మొదటి రోజే ప్రారంభిస్తారు.

పొడి డబ్బా ఖరీదును బట్టి గుణం ఉంటుందనుకోకండి. ప్రొటీన్లలో ఉండే చిన్న భాగాలైన అమైనో ఆమ్లాల్లో ఒకటైన గ్లుటమిన్ మీద వైద్యులు ఎంతో ఆశ పెట్టుకున్నారు; కానీ 1,200 మందికి పైగా రోగులతో చేసి 2022లో ప్రచురించిన పరిశోధనలో, అది తీసుకున్నవారు తీసుకోనివారికంటే త్వరగా కోలుకొని ఇంటికి వెళ్లలేదు. మూత్రపిండాల జబ్బున్నవారికి ఏ పొడినైనా డాక్టరును అడిగే ఇవ్వాలి.

పాపకు గుడ్లు, పాలు, పెరుగు, ముద్దపప్పు పెట్టమనండి. మాంసం తినే ఇల్లే కనుక కోడికూర పెట్టినా మంచిదే. అన్నం, జొన్నరొట్టె, నూనె తగ్గించవద్దు, ఎందుకంటే శక్తి చాలకపోతే తిన్న ప్రొటీన్ కూడా ఇంధనంగానే ఖర్చవుతుంది. కొలాజెన్ తయారీకి సి విటమిన్ అవసరం కాబట్టి మన నల్లగొండ బత్తాయిలు రోజూ ఇవ్వమనండి. పొయ్యి దగ్గర వేలు చురుక్కుమన్నంత మాత్రాన ఇవేవీ అక్కరలేదు గాని, ఆ పాపను మాత్రం వారం వారం బరువు తూచి, తగ్గుతుంటే వెంటనే ఆసుపత్రికి తీసుకెళ్లమని వాళ్లమ్మతో చెప్పండి.

ఇట్లు,
మీ అమ్మమ్మ