చాటగొట్ల కోళ్ల వెనక నూరేళ్ల ఫ్లూ చరిత్ర

2024 ఫిబ్రవరిలో నెల్లూరు జిల్లా పొదలకూరు మండలం చాటగొట్లలో, కోవూరు మండలం గుమ్మళ్లదిబ్బలో కోళ్లు కుప్పలుగా చచ్చిపోయాయి. నమూనాలు భోపాల్ ల్యాబ్‌కు పంపితే బర్డ్ ఫ్లూ అని తేలింది. చుట్టూ కిలోమీటరు మేర ఉన్న కోళ్లన్నిటినీ చంపి పూడ్చాలన్నారు. 10 కిలోమీటర్ల లోపు చికెన్ దుకాణాలు మూడు రోజులు మూయించారు. ఇలాంటప్పుడు పెరట్లో నాలుగు నాటుకోళ్లు పెంచుకునే ఇల్లాలు అడిగే మాట ఒకటుంది: జబ్బు లేని కోడిని ఎందుకు చంపాలి? న్యాయమైన ప్రశ్న. జవాబు కోసం 1918కి వెళ్లాలి.

ఆ ఏడాది జూన్‌లో బొంబాయి రేవులో కాపలా కాసే పోలీసులు వరసగా జ్వరంతో పడ్డారు. అది ఫ్లూ మహమ్మారి తొలి విడత, అంత ప్రాణాంతకం కాదు. సెప్టెంబరు నుంచి వచ్చిన రెండో విడత దేశాన్ని ఊడ్చేసింది. మొత్తం మరణాలు కోటీ ఇరవై లక్షలని కొందరు, కోటీ డెబ్బై, ఎనభై లక్షలని మరికొందరు లెక్కగట్టారు. 1911తో పోలిస్తే 1921 జనాభా లెక్కల్లో దేశ జనాభా తగ్గింది. అలా తగ్గిన దశాబ్దం మరొకటి లేదు. బొంబాయి, మధ్య పరగణాల కంటే మద్రాసు ప్రెసిడెన్సీలో చావులు తక్కువే. కానీ అదే ఏడాది వానలు ఎగ్గొట్టాయి. యుద్ధం వల్ల ధరలు మండి, సెప్టెంబరులో మద్రాసులో జనం దుకాణాలు లూటీ చేశారు. ఆకలితో ఉన్న ఒంటి మీద ఫ్లూ పడింది.

మన ప్రకాశం ప్రాంతం సంగతి వెతకబోతే మొదటి చిక్కు జిల్లాలతోనే. ప్రకాశం జిల్లా ఏర్పడింది 1970లో. 1918 నాటికి ఒంగోలు గుంటూరు జిల్లాలో ఉంది, కందుకూరు, కనిగిరి, పొదిలి, దర్శి నెల్లూరులో, మార్కాపురం కర్నూలులో. కాబట్టి ఈ ఒక్క జిల్లా చరిత్ర కోసం మూడు జిల్లాల రికార్డులు తిరగెయ్యాలి. రెండో చిక్కు ఇంకా పెద్దది. ఊళ్లలో చావులు రాసింది డాక్టర్లు కాదు, గ్రామాధికారులు. వాళ్ల పద్దులో కలరా, మశూచి, ప్లేగు, జ్వరాలు, విరేచనాలు, ఇలా కొన్నే గళ్లు. ఫ్లూతో పోయినవాళ్లలో చాలామంది ‘జ్వరాలు’ అన్న గడిలో కలిసిపోయారు. అందుకే మామూలు సంవత్సరాల్లో ఎందరు పోతారో చూసి, 1918లో అంతకంటే ఎందరు ఎక్కువ పోయారో తీసి, ఆ తేడాను ఫ్లూ ఖాతాలో వేస్తారు పరిశోధకులు. అంకెల మధ్య అంత ఎడం ఉండటానికి ఇదో కారణం.

అసలు జబ్బుకు కారణమేమిటో కూడా అప్పటికి తెలియదు. జర్మన్ శాస్త్రవేత్త రిచర్డ్ ఫైఫర్ 1892లో చూపించిన బాక్టీరియాయే కారణమని చాలామంది నమ్మారు. అది వైరస్ పని అని, మనిషి నుంచి తీసిన ద్రవంతో ముంగిసలాంటి ఫెర్రెట్‌లకు జబ్బు తెప్పించి, 1933లో లండన్ పరిశోధకులు రుజువు చేశారు. కానీ 1918 నాటి వైరస్ ఎక్కడుంది? దాన్ని వెతికినవాడు వ్యాధిశాస్త్ర వైద్యుడు యోహాన్ హుల్టిన్. అలాస్కాలోని బ్రెవిగ్ మిషన్ అనే పల్లెలో 1918 నవంబరులో 80 మందిలో 72 మంది అయిదు రోజుల్లో చనిపోయారు. ఎప్పుడూ గడ్డకట్టి ఉండే నేలలో వాళ్లను సామూహికంగా పాతిపెట్టారు. 1951లో విద్యార్థిగా వెళ్లి ఊపిరితిత్తుల ముక్కలు తెచ్చిన హుల్టిన్ వైరస్‌ను పెంచలేకపోయాడు. 1997లో, అమెరికా సైనిక వ్యాధిశాస్త్ర సంస్థలో జెఫ్రీ టాబెన్‌బర్గర్ బృందం పాత కణజాలం నుంచి ఆ వైరస్ జన్యు తునకలు తీసిందని చదివాడు. 72 ఏళ్ల వయసులో సొంత ఖర్చుతో, భార్య తోటపనికి వాడే కత్తెర వెంట తీసుకుని మళ్లీ వెళ్లాడు. ఊరి పెద్దల అనుమతితో తవ్వితే, ఒక స్త్రీ దేహం దొరికింది. ఒంట్లోని కొవ్వు ఊపిరితిత్తులను కుళ్లకుండా కాపాడింది. 2005 నాటికి వైరస్ జన్యువులన్నీ చదవడం పూర్తయింది.

అవి పక్షుల వైరస్‌లకు చాలా దగ్గరగా ఉన్నాయి. నేరుగా పక్షుల నుంచి వచ్చిందా, మధ్యలో వేరే జంతువు ఉందా అన్న వాదన ఇంకా తేలలేదు. కోడి ప్రశ్నకు జవాబు ఇక్కడుంది. ఫ్లూ వైరస్ జన్యు పదార్థం ఎనిమిది తునకలుగా ఉంటుంది. రెండు రకాల వైరస్‌లు ఒకే కణంలో చొరబడితే ఆ తునకలు పేకముక్కల్లా కలిసిపోయి కొత్త రకం పుట్టొచ్చు. పైకి బాగానే కనిపించే కోడిలో కూడా వైరస్ పెరుగుతూ ఉండొచ్చు. ఆ అవకాశాన్ని తగ్గించడానికే కిలోమీటరు గిరి.

1957లో జరిగింది అదే. పక్షుల నుంచి మూడు తునకలు మనుషుల వైరస్‌లో చేరాయి. ఆ ఫ్లూ మే నెలలో ఓడ మీద మద్రాసుకు వచ్చింది, పన్నెండు వారాల్లో దేశమంతా పాకింది. 44 లక్షలకు పైగా కేసులు నమోదయ్యాయి, చావులు 1,100 లోపే. 1968 హాంకాంగ్ ఫ్లూలోనూ పక్షి తునకలున్నాయి. 2009 స్వైన్ ఫ్లూ తొలి కేసు మన దేశంలో హైదరాబాద్‌లోనే తేలింది. అప్పుడు ముసలివాళ్లకు కొంత రక్షణ కనిపించింది, చిన్నప్పుడు పాత వైరస్‌ను ఎదుర్కొన్న ఒళ్లు కాబట్టి.

1918 శవపరీక్షల నమూనాలను 2008లో తిరిగి చూసినప్పుడు తేలిన మరో విషయం నన్ను ఎక్కువ కదిలిస్తుంది. చాలామందిని చంపింది ఫ్లూ తర్వాత బాక్టీరియా వల్ల వచ్చిన న్యుమోనియా. అప్పట్లో యాంటీబయాటిక్స్ లేవు. అందరూ సమానంగా కూడా పోలేదు. బొంబాయిలో వెయ్యికి యూరోపియన్లలో 8 మంది, అట్టడుగు కులాల్లో 61 మంది. వైరస్ ఒకటే. ఇళ్లూ, తిండీ, మందూ వేరు.

2025 మార్చిలో పక్కనున్న పల్నాడు జిల్లాకు చెందిన రెండేళ్ల పాప హెచ్5ఎన్1 రకం బర్డ్ ఫ్లూతో చనిపోయింది. పచ్చి కోడిమాంసం ముక్క తిన్నట్టు తేలింది. మనిషి నుంచి మనిషికి సోకిన దాఖలా లేదు. కానీ షెడ్డులో దాణా వేసేవాళ్లు, చచ్చిన కోళ్లను గోతిలో వేసేవాళ్లు మొదటి వరసలో ఉంటారు. పరిహారం ప్రభుత్వం చంపించిన కోళ్లకే ఇస్తుంది, ముందే చచ్చినవాటికి ఇవ్వదు. తొందరగా చెప్పమనే ఆ నిబంధన ఉద్దేశం. చిన్న రైతుకు మాత్రం అది చెప్పాలా, దాచాలా అన్న సందిగ్ధం. చచ్చినవాటికీ ఎంతో కొంత ఇస్తే కబురు ఒకరోజు ముందే వస్తుంది. ఆ షెడ్డులో పనిచేసిన ప్రతి మనిషికీ పది రోజులు జ్వరం చూడాలి. దగ్గు ముదిరితే ‘వైరల్ ఫీవర్’ అని రాసి పంపెయ్యకుండా గొంతు నమూనా తియ్యాలి.