బ్రూస్ లీ ఒప్పుకోనివి

చిరంజీవులైన పిల్లలకు,

ఆశీస్సులు. మీ కరాటే క్లాసు గోడ మీద పోస్టర్లో, ఒంటి మీద గోళ్ళ గాట్లతో పిడికిలి బిగించి నిలబడ్డ మనిషి గురించి రాయమన్నారు. ఆయన ఎంత వేగంగా కొట్టేవాడు, ఎంతమందిని పడగొట్టాడు అన్న కబుర్లు మీకు ఫోన్లోనే కావలసినన్ని దొరుకుతాయి. వాటిలో చాలావరకు ఎవరో అల్లినవే. నేను చెప్పాలనుకున్నది వేరు. బ్రూస్ లీ బతికింది 32 ఏళ్ళు. ఆ కాస్త జీవితంలో ఆయనకు ఎవరో ఒకరు 'నీ చోటు ఇది, నీ హద్దు ఇంత' అని చెబుతూనే వచ్చారు. తెల్లవాళ్ళు చెప్పారు, సొంతవాళ్ళూ చెప్పారు. ఇద్దరి మాటా ఆయన వినలేదు.

1940 నవంబరు 27న అమెరికాలో, శాన్‌ఫ్రాన్సిస్కో చైనాటౌన్‌లో పుట్టాడు. తండ్రి లీ హోయ్ చ్యున్ రంగస్థల నటుడు. మన పద్యనాటకాల్లాగే పాటతో నడిచే కాంటనీస్ నాటకాలు ఆడేవాడు. ఆ బృందం అమెరికాలో ప్రదర్శనలిస్తున్న రోజుల్లో ఈ పిల్లవాడు పుట్టాడు. తల్లి గ్రేస్ హో పూర్వీకుల్లో యూరప్ వాళ్ళున్నారు. ఈ మాట గుర్తుపెట్టుకోండి, మళ్ళీ అవసరం పడుతుంది. నెలల పసివాడుగానే హాంకాంగ్ చేరాడు. ఆ కొద్ది నెలలకే జపాన్ సైన్యం ఊరిని ఆక్రమించింది. 1945లో వాళ్ళు పోయాక బ్రిటిష్ పాలన తిరిగొచ్చింది. అంటే సొంత ఊళ్ళో పెత్తనం ఎప్పుడూ పరాయివాళ్ళదే. అది చూస్తూ పెరిగాడు.

చిన్నప్పటి నుంచే సినిమాల్లో వేశాడు. పద్దెనిమిదేళ్ళు వచ్చేసరికి ఇరవై దాకా చిత్రాలయ్యాయి. చదువు మాత్రం అంతంతమాత్రం. వీధి కొట్లాటలు మాత్రం లెక్కలేనన్ని. అవి గొప్పగా చెప్పుకోవలసినవేమీ కావు, వాటివల్ల ఇంట్లోవాళ్ళకు మనశ్శాంతి లేకుండా పోయింది. పదమూడు, పద్నాలుగేళ్ళ వయసులో ఇప్ మాన్ అనే గురువు దగ్గర వింగ్ చున్ అనే కుంగ్‌ఫూ పద్ధతి నేర్చుకోవడం మొదలుపెట్టాడు. తల్లివైపు యూరప్ రక్తం ఉందన్న సంగతి బయటపడ్డాక, తోటి శిష్యులు కొందరు అతనితో కలిసి సాధన చేయడానికి ఇష్టపడలేదని జీవితచరిత్రకారులు రాశారు. చైనా విద్య చైనా రక్తానికే చెందాలన్నది వాళ్ళ పట్టుదల. 1958లో స్కూళ్ళ బాక్సింగ్ పోటీలో గెలిచాడు. అదే ఏడు చా-చా డాన్సు పోటీలోనూ గెలిచాడు. తెర మీద ఆ కాళ్ళు అంత తేలిగ్గా ఎలా కదులుతాయని మీరు అడుగుతారు కదా, ఆ డాన్సు పాత్ర అందులో తక్కువేమీ కాదని నా నమ్మకం.

కొట్లాటలు ముదిరేసరికి, 1959లో తల్లిదండ్రులు 100 డాలర్లు చేతిలో పెట్టి ఓడెక్కించారు. సియాటిల్‌లో ఒక చైనీస్ హోటల్లో సర్వర్‌గా పనిచేస్తూ చదువుకున్నాడు, తర్వాత వాషింగ్టన్ విశ్వవిద్యాలయంలో చేరాడు. ఖాళీ వేళల్లో కుంగ్‌ఫూ చెప్పేవాడు. ఎవరికో చూడండి. అక్కడ ఆయన మొదటి శిష్యుడు జెస్సీ గ్లోవర్, నల్లజాతి యువకుడు. కుడిభుజంలా నిలిచిన శిష్యుడు టాకీ కిమురా, జపాన్ మూలాలున్న అమెరికన్. యుద్ధకాలంలో ఆ మూలాల కారణంగానే అమెరికా ప్రభుత్వం కిమురాని కుటుంబంతో సహా నిర్బంధ శిబిరంలో పెట్టింది. హాంకాంగ్‌ను ఆక్రమించింది జపాన్ సైన్యమే కదా, ఆ దేశపు మూలాలున్న మనిషిని బ్రూస్ లీ తన పెళ్ళిలో తోడు పెళ్ళికొడుకుగా నిలబెట్టుకున్నాడు. పెళ్ళికూతురు లిండా ఎమరీ, తెల్లమ్మాయి. అది 1964. తెల్లవాళ్ళకూ ఇతర జాతులవాళ్ళకూ పెళ్ళిళ్ళు నిషేధించే చట్టాలు అప్పటికి అమెరికాలో చాలా రాష్ట్రాల్లో ఉన్నాయి. సుప్రీంకోర్టు వాటిని కొట్టేసింది 1967లో.

ఆ 1964 చివర్లోనే ఓక్లాండ్‌లో వాంగ్ జాక్ మన్ అనే మరో కుంగ్‌ఫూ నిపుణుడితో పోటీ జరిగింది. చైనీయులు కానివాళ్ళకు విద్య నేర్పడం ఆపమని వచ్చిన సవాలు అది అని లిండా చెప్పింది. కారణం అది కాదని వాంగ్ చెప్పాడు. ఎవరు గెలిచారన్న దాని మీద కూడా రెండు కథలున్నాయి. నాకు ముఖ్యం అనిపించేది ఆ తర్వాత జరిగినది. బ్రూస్ లీకి తన పోరాటం తనకే నచ్చలేదు. ఆయాసం వచ్చింది, పని తొందరగా తేల్చలేకపోయాడు. తాను నేర్చిన పద్ధతే తన కాళ్ళకు బంధమైందని అనిపించింది. అప్పటినుంచి బాక్సింగ్, కత్తిసాము, కుస్తీ, ఎక్కడ పనికొచ్చేది కనిపిస్తే అక్కడినుంచి తీసుకున్నాడు. 1967లో దానికి జీత్ కున్ దో అని పేరు పెట్టాడు. 'ఏ మార్గమూ లేకపోవడమే మార్గం, ఏ హద్దూ లేకపోవడమే హద్దు' అన్నది దాని ముద్ర చుట్టూ రాయించిన మాట. తీరా అది కూడా గట్టిపడి మరో పద్ధతిగా మారిపోతుందేమోనని భయపడి, 1970లో తన స్కూళ్ళు తానే మూసేశాడు. ఎదుటివాడి మాట కాదనడం ఒక ఎత్తు, తాను కట్టినదాన్ని తానే కాదనడం మరో ఎత్తు. ఆ రెండో పని నాకు ఆయన కొట్టిన ఏ కిక్ కన్నా పెద్దదిగా కనిపిస్తుంది.

ఇక హాలీవుడ్. 1966లో ఒక టీవీ సీరియల్లో కేటో వేషం వచ్చింది. ముసుగు వేసుకున్న కారు డ్రైవర్. ఫైట్లు చాలా, డైలాగులు చాలా తక్కువ. తన పాత్రకు నాలుగు మాటలు ఎక్కువ రాయమని నిర్మాతకు ఉత్తరం రాశాడు. బ్యాట్‌మ్యాన్ సీరియల్‌తో కలిపి తీసిన కథలో కేటో బ్యాట్‌మ్యాన్ సహచరుడు రాబిన్ చేతిలో ఓడిపోవాలని రాశారు. బ్రూస్ లీ ససేమిరా అన్నాడు. చివరికి ఇద్దరూ సమానం అన్నట్టు తీశారు. పిల్లల సీరియల్లో ఒక ఫైటు గురించి ఇంత పట్టింపా అని మీకు అనిపించవచ్చు. ఆ రోజుల్లో అమెరికా తెర మీద చైనావాడంటే వంటవాడు, చాకలి, లేకపోతే మీసాల విలన్. ఆ పిల్లల సీరియల్ చూసే చైనా పిల్లలకు అందులో తమలాంటి ముఖం అదొక్కటే. ఆయన పట్టింపు అందుకు.

1970 ఆగస్టులో ఒక ఉదయం సరిగా వార్మప్ చేయకుండా, దాదాపు తనంత బరువు, 125 పౌన్లు, భుజాల మీద పెట్టుకుని నడుము వంచాడు. వెన్ను కింది నరం దెబ్బతింది. ఇక కిక్ కొట్టడం కుదరదన్నారు డాక్టర్లు. నెలల తరబడి మంచానికే పరిమితం. ఇద్దరు పసిపిల్లలు, నెత్తిన ఇంటి అప్పు. లిండా సాయంత్రం ఉద్యోగానికి వెళితే, ఆయన మంచం మీది నుంచే పిల్లల్ని చూసుకునేవాడు. కదలలేని ఆ రోజుల్లోనే నోటు పుస్తకాలు నింపేశాడు. ఏ దెబ్బ ఎందుకు పనిచేస్తుంది, అడుగు ఎక్కడ పడాలి, భయం అంటే ఏమిటి, అన్నీ బొమ్మలతో సహా రాసుకున్నాడు. ఒక కార్డు వెనుక 'నడుస్తూ ఉండు' అని రాసి ఎదురుగా పెట్టుకున్నాడు. లేచాడు, కిక్కులూ కొట్టాడు. నడుము నొప్పి మాత్రం చివరిదాకా వదల్లేదు. మీరు చూసే సినిమాలన్నీ ఆ నొప్పితో చేసినవే.

మీకు తెలియని సంగతి ఒకటి. 1971 మొదట్లో ఆయన మన దేశం వచ్చాడు. వార్నర్ అనే హాలీవుడ్ సినిమా సంస్థకు ఇక్కడ వసూలైన రూపాయలు బయటికి తీసుకెళ్ళే వీలు లేక ఇక్కడే ఉండిపోయాయి. ఆ డబ్బుతో ఇక్కడే ఒక సినిమా తీద్దామని నటుడు జేమ్స్ కోబర్న్, రచయిత స్టర్లింగ్ సిలిఫాంట్‌తో కలిసి ఢిల్లీ, మద్రాసు, గోవా వైపు లొకేషన్లు వెతికాడు. కోబర్న్‌కి అవి నచ్చలేదు, ఆ ప్రయత్నం అక్కడితో ఆగిపోయింది. ఆ తర్వాత టీవీలో ఒక కుంగ్‌ఫూ వీరుడి కథకు ఆయన పేరు అనుకున్నా, ఆ వేషం డేవిడ్ కారడైన్ అనే తెల్ల నటుడికి వెళ్ళింది. పియెర్ బర్టన్ అనే విలేకరి దీని గురించి అడిగితే, నిర్మాతలను తప్పుపట్టనన్నాడు బ్రూస్ లీ. డబ్బు పెట్టేవాడు తానైనా జనం ఒప్పుకుంటారో లేదో అని ఇలాగే భయపడేవాణ్ణేమో అన్నాడు. తలుపు ముఖం మీద వేసినవాడి భయాన్ని కూడా అర్థం చేసుకున్న మనిషి ఆయన.

కానీ ఆ తలుపు దగ్గర కాచుకుని కూర్చోలేదు. అప్పటికే హాంకాంగ్ వెళ్ళి రెండు సినిమాలకు 15,000 డాలర్లకు ఒప్పుకున్నాడు. మొదటిది అక్కడి వసూళ్ళ రికార్డులన్నీ తిరగరాసింది. రెండోది, 1972లో వచ్చిన 'ఫిస్ట్ ఆఫ్ ఫ్యూరీ'లో ఒక సన్నివేశం దగ్గర మీరు కాసేపు ఆగాలి. విదేశీయుల పాలనలో ఉన్న షాంఘై. పార్కు గేటు మీద 'కుక్కలకు, చైనీయులకు ప్రవేశం లేదు' అన్న బోర్డు. హీరోని లోపలికి పోనివ్వడు కాపలావాడు. అదే సమయంలో ఒక విదేశీ మహిళ కుక్కతో సహా లోపలికి వెళుతుంది. ఒక జపానువాడు వచ్చి, కుక్కలా నడిస్తే నిన్నూ తీసుకెళతాను అంటాడు. అతన్ని, అతని స్నేహితుల్ని పడగొట్టి, బోర్డును పైకి తన్ని గాలిలోనే ఇంకో తన్నుతో ముక్కలు చేస్తాడు హీరో. ఆసియాలో, ఆఫ్రికాలో, అమెరికాలోని నల్లవాళ్ళ పేటల్లో, జనం ఆయన్ను తమవాడు అనుకున్నది ఇలాంటి దెబ్బలు చూసే. మన ఊళ్ళలోనూ తెల్లదొరల క్లబ్బుల్లోకి మనవాళ్ళను రానివ్వని రోజులుండేవి.

నిజం కూడా తెలుసుకోండి. ఆ మాటలతో అచ్చంగా అలాంటి బోర్డు ఉండేదని చరిత్రకారులు చెప్పరు. షాంఘై హువాంగ్‌పు పార్కు నియమాల్లో ఈ పార్కు విదేశీయులకు మాత్రమే అని ఒకటి, కుక్కలను తేకూడదని వేరొకటి ఉండేవి. చైనీయులను లోపలికి రానిచ్చింది 1928లో. మాటలు వేరైనా అవమానం అదే. ఇంకోటి గమనించారా? ఆ గేటు దగ్గర కాపలావాడు తలపాగా కట్టుకున్న సిక్కు. అది కల్పన కాదు. షాంఘైలోని విదేశీ పేటకు బ్రిటిష్‌వాళ్ళు నిజంగానే పంజాబు నుంచి పోలీసులను తెచ్చుకున్నారు. ఒక బానిస దేశం మనిషిని ఇంకో లొంగిన దేశం మనిషి మీద కాపలా పెట్టారు. ఆ సన్నివేశంలో మనమూ ఉన్నాం పిల్లలూ, గేటుకు అవతలివైపు. నాకు ఆ బోర్డు పగిలినప్పుడు కలిగే సంతోషంతో పాటు ఈ ముల్లు కూడా గుచ్చుకుంటుంది.

తర్వాతి సినిమా కథ, దర్శకత్వం తానే చూసుకున్నాడు. రోమ్‌లో కొలోసియం దగ్గర అమెరికన్ కరాటే చాంపియన్ చక్ నోరిస్‌తో ఫైటు ఉంటుంది. మొదట పాత పద్ధతిలో పోరాడి దెబ్బలు తింటాడు. అప్పుడు అడుగు మారుస్తాడు, తేలిక పడతాడు, గెలుస్తాడు. నేను పైన రాసిన ఓక్లాండ్ పాఠమంతా ఆ కొన్ని నిమిషాల్లో ఉంది. కాలూ చెయ్యీ విరిగినా ఎదుటివాడు మళ్ళీ లేవబోతే, వద్దన్నట్టు తల అడ్డంగా ఊపుతాడు. అతను చనిపోయాక అతని కోటూ బెల్టూ తెచ్చి ఒంటి మీద కప్పుతాడు.

1973లో 'ఎంటర్ ది డ్రాగన్' సినిమాతో హాలీవుడ్డే ఆయన దగ్గరికి వచ్చింది. మీ పోస్టర్లో ఉన్నది ఆ సినిమా బొమ్మే. అది అమెరికాలో విడుదలయ్యేది ఆగస్టులో. జూలై 20న హాంకాంగ్‌లో తలనొప్పికి మాత్ర వేసుకుని పడుకున్నవాడు మళ్ళీ లేవలేదు. మెదడు వాచి చనిపోయాడని తేలింది. ఆ మరణం చుట్టూ పుట్టిన పుకార్లను నేను ఇక్కడ రాయను. సమాధి సియాటిల్‌లో ఉంది. 1993లో షూటింగ్ ప్రమాదంలో పోయిన కొడుకు బ్రాండన్‌నూ ఆ పక్కనే పడుకోబెట్టారు.

ఆయన పోయాక మన దగ్గరా వీధివీధిన కరాటే స్కూళ్ళు లేచాయి. సుమన్, భానుచందర్ లాంటి కరాటే తెలిసిన హీరోలు వచ్చారు. హాంకాంగ్‌లో 2019 ఆందోళనల్లో యువత 'నీళ్ళలా ఉండండి' అన్న ఆయన మాటనే నినాదం చేసుకున్నారు. వీటన్నిటికన్నా నన్ను కదిలించింది బోస్నియాలోని మోస్తార్ అనే ఊరు. 1990ల యుద్ధంలో అక్కడ ఇరుగుపొరుగులే ఒకరినొకరు చంపుకున్నారు, ఊరు రెండుగా చీలింది. యుద్ధం ఆగాక అక్కడి యువకులు కొందరు ఊరందరికీ కలిపి ఒక విగ్రహం పెడదామనుకున్నారు. ఎవరి వీరుడిని పెట్టినా రెండోవాళ్ళకు శత్రువే. చిన్నప్పుడు అందరూ కలిసి మెచ్చుకున్న మనిషి ఎవరా అని చూస్తే బ్రూస్ లీ కనిపించాడు. 2005 నవంబరు 26న, హాంకాంగ్‌లో ఆయన విగ్రహం పెట్టడానికి ఒక రోజు ముందే, మోస్తార్‌లో పెట్టారు. తూర్పుకు తిప్పితే ఒక వర్గానికీ, పడమటికి తిప్పితే ఇంకో వర్గానికీ ఎదురు నిలబడ్డట్టు ఉంటుందని ఆయన్ను ఉత్తరం వైపు తిప్పి నిలబెట్టారు.

ఇట్లు,
మీ తాతయ్య