పాదరసానికి గంధకం ముడి

ఒక పాఠకురాలు ఇలా అడిగారు: "మా మావగారికి కీళ్లనొప్పులకని వైద్యుడు రససిందూరం ఇచ్చాడు. అందులో పాదరసం ఉంది, విషం అని మా అబ్బాయి గొడవ. శుద్ధి చేశారు, ఏం కాదు అని మావగారు. ఎవరి మాట వినాలి?"

జవాబు చెప్పేముందు నా తొమ్మిదో తరగతి సంగతి ఒకటి. మా సైన్సు మేష్టారు పాదరసాన్ని అరచేతిలో పోసుకుని దొర్లించి చూపించేవారు. ఓ రోజు అలా చూపిస్తుండగా ఆయన వేలి ఉంగరం తెల్లబడిపోయింది. బంగారం చేద్దామని పరుసవేదుల కోసం తరతరాలుగా కొలుములు ఊదినవాళ్లు ఉంటే, మా మేష్టారు క్షణంలో బంగారాన్ని వెండిలా మార్చేశారు! ఆ కంగారులో గొట్టం కూడా కిందపడి పగిలింది. పాదరసం పూసలు పూసలుగా బెంచీల కిందికి పరుగెత్తింది. ల్యాబ్ అటెండరు తాపీగా వచ్చి పసుప్పచ్చటి పొడి చల్లాడు. గంధకం. ఎందుకు చల్లాడో ఆ రోజు ఎవరూ చెప్పలేదు, మేమూ అడగలేదు. మన బళ్లలో అడగడం ఇప్పటికీ తక్కువే.

ఆ అటెండరు చేసిందీ, రసవైద్యుడు (పాదరసంతో, లోహాలతో మందులు చేసే ఆయుర్వేద వైద్యుడు) కల్వంలో, అంటే మందులు నూరే రోట్లో చేసేదీ ఒకే పని. పాదరసం శివుడి వీర్యమనీ, గంధకం పార్వతి రజస్సనీ రసశాస్త్ర గ్రంథాలు చెబుతాయి. కథను పక్కన పెట్టినా ఆ జంట మాత్రం నిజం. పాదరసానికి గంధకమంటే విపరీతమైన మమకారం. మామూలు గది వేడిలోనే, పొయ్యి అవసరం లేకుండా, రెండూ కలిసి మెర్క్యురిక్ సల్ఫైడ్ అవుతాయి.

అయితే ఊరికే పొడి చల్లితే పని సగంలోనే ఆగిపోతుంది. పూస పైన సల్ఫైడ్ పొర కడుతుంది, పాల మీద మీగడలాగా. ఆ పొర కింద ఉన్న పాదరసానికి ఇక గంధకం అందదు. అందుకే నూరాలి, నూరుతూనే ఉండాలి. లెక్క చూడండి. ఒక ఘన సెంటీమీటరు పాదరసం, అంటే పదమూడున్నర గ్రాములు, ఒకే గుండ్రటి బొట్టుగా ఉంటే దాని పైభాగం 5 చదరపు సెంటీమీటర్లకు మించదు. దాన్నే మిల్లీమీటరులో వెయ్యో వంతు ఉండే బొట్లుగా విరగ్గొడితే మొత్తం పైభాగం 6 చదరపు మీటర్లు. తపాలా బిళ్ల కాస్తా గది నేలంత అయింది, పన్నెండు వేల రెట్లు. కల్వపు గుండు తిరిగినప్పుడల్లా మీగడ చినుగుతుంది, కొత్త పాదరసం బయటపడుతుంది, గంధకం దాన్ని పట్టుకుంటుంది. చివరికి మిగిలేది కాటుకలాంటి నల్లటి పొడి. కజ్జలి అన్న పేరు అందుకే వచ్చింది.

పూర్తయిందని ఎలా తెలుస్తుంది? ఎండలో పెట్టి చూస్తారు. ఎక్కడా మెరుపు కనపడకూడదు. దీన్ని నిశ్చంద్రత్వం అంటారు. మైక్రోస్కోపు లేని కాలానికి చక్కటి పరీక్ష. 100 గ్రాముల పాదరసానికి రసాయన లెక్క ప్రకారం 16 గ్రాముల గంధకం చాలు. సమగుణ కజ్జలిలో వేసేది సరిసమానంగా 100 గ్రాములు, అంటే కావలసినదానికి ఆరు రెట్లు. ఒక్క పూస కూడా తప్పించుకోవడానికి వీల్లేదు.

తర్వాత కజ్జలిని చీలమన్ను (మట్టి పట్టించిన గుడ్డ) చుట్టిన గాజుకుప్పెలో పోసి, ఇసుకలో పాతి, మంట మెల్లగా పెంచుతారు. అదనపు గంధకం మండిపోతుంది. వేడి ఇంకా పెరిగితే ముడి విడిపోయి పాదరసం, గంధకం వేర్వేరుగా ఆవిరై పైకి లేస్తాయి. కుప్పె మెడ దగ్గర చల్లదనం తగలగానే మళ్లీ ముడిపడి ఎర్రగా పేరుకుంటాయి. అదే రససిందూరం. తమాషా ఏమిటంటే ఇది ఇంగిలీకమే, అంటే పాదరసపు ఎర్రటి ఖనిజమే. గనిలో దొరికే ఇంగిలీకాన్ని రెండు కుండలు మూతికి మూతి బోర్లించిన డమరుయంత్రంలో కాల్చి పాదరసం తీస్తారు. దాన్ని గంధకంతో నూరి, కాల్చి, మళ్లీ ఇంగిలీకం చేస్తారు. బయల్దేరిన చోటికే వచ్చారు, మధ్యలో మలినాలు మాత్రం వదిలాయి.

ఇక అసలు ప్రశ్న. పాదరసం విషమా? ఏ రూపంలో అని ఎదురు అడగాలి. ద్రవ పాదరసం మింగితే పేగుల్లోంచి రక్తంలోకి వెళ్లేది పదివేలలో ఒక వంతు కూడా ఉండదు. అదే ఆవిరిగా పీలిస్తే 80 శాతం దాకా ఒంట్లో చేరిపోతుంది. చేపల ద్వారా జపాన్‌లోని మినమాటా జనాన్ని 1950లలో కుళ్లబొడిచిన మిథైల్ మెర్క్యురీ అయితే 95 శాతం. క్లోరిన్‌తో కలిసిన మెర్క్యురిక్ క్లోరైడ్ 100 మిల్లీలీటర్ల నీళ్లలో సుమారు 7 గ్రాములు కరుగుతుంది, అది ఘోరవిషం. గంధకంతో కలిసినదో? కాగితం మీద లెక్క కడితే ఒక్క పాదరస అయాను కావాలంటే కొన్ని వందల లీటర్ల నీళ్లు వెతకాలి.

అయితే మావగారిదే గెలుపా? తొందరపడకండి. ఆ లెక్క ఉత్త నీళ్లకి. కడుపులో ఉన్నవి ఉత్త నీళ్లు కావు. అక్కడ ప్రోటీన్లలోని గంధకం ఉంది, పేగుల్లో బాక్టీరియా తయారు చేసే సల్ఫైడ్లు ఉన్నాయి. అవన్నీ పాదరసాన్ని తమ వైపు లాక్కునేవే. జంతువులకు ఇంగిలీకం తినిపించిన ప్రయోగాల్లో ఒంటికి పట్టింది బాగా తక్కువే గానీ సున్నా కాదు, అది వెళ్లి చేరింది మూత్రపిండాల్లో. మన రసవైద్యుల పరీక్ష అపునర్భవం, అంటే భస్మం మళ్లీ లోహంగా మారకపోవడం. అది కుండలో ముడి గట్టిదని చెబుతుంది. కడుపులో ముడి సంగతి, నెలల తరబడి వాడితే మూత్రపిండాల సంగతి ఆ పరీక్ష చెప్పదు. "లోహంలో ఎలాగో దేహంలో అలాగే" అన్నది రసార్ణవం అనే పాత రసశాస్త్ర గ్రంథం. రసవాదం మొత్తం ఈ మాట మీదే నిలబడింది. నా అనుమానం కూడా సరిగ్గా ఈ మాట మీదే.

ఈ మధ్య ఇంకో గోల మొదలైంది. భస్మాల్లో నానో కణాలున్నాయట, కాబట్టి మన పూర్వీకులకు నానో టెక్నాలజీ తెలుసట. దీపం మసిలోనూ నానో కణాలుంటాయి. అంతమాత్రాన కాటుక పట్టిన ప్రతి అమ్మమ్మా నానో శాస్త్రవేత్త అయిపోదు. కల్వం దగ్గర వాళ్లు పడ్డ కష్టానికి ఇలాంటి అరువు కిరీటాలు అక్కర్లేదు.

అమ్మా, మీ ఇంటి గొడవకి నా మాట ఇది. మన చట్టం ప్రకారం పాదరసం, ఇంగిలీకం రెండూ షెడ్యూల్ ఇ-1 అనే విషపదార్థాల జాబితాలో ఉన్నాయి. వైద్యుడి పర్యవేక్షణలోనే వాడాలని డబ్బా మీద హెచ్చరిక ఉండాలి. ముందు అది చూడండి. 2008లో అమెరికాలో ఇంటర్నెట్‌లో అమ్మే 193 ఆయుర్వేద మందులు పరీక్షిస్తే 20.7 శాతంలో సీసమో పాదరసమో ఆర్సెనికో దొరికింది. రసశాస్త్రం మందుల్లో అయితే 40.6 శాతం. ఎవరు నూరారో, ఎంతసేపు నూరారో పొట్లం చూస్తే తెలియదు. మావగారికి మూత్రంలో పాదరసం పరీక్ష, దాంతోపాటు మూత్రపిండాల పనితీరు చెప్పే క్రియాటినిన్ పరీక్ష చేయించండి. ఫలితం వచ్చేదాకా మందు ఆపితే మంచిదని నేనంటాను. కీళ్లనొప్పులకు వేరే మందులున్నాయి.

ఆయన వినకపోతే, మకరధ్వజం అనే ఇంకో మందు సంగతి చెప్పి చూడండి. రససిందూరం చేసే పద్ధతిలోనే ముందుగా బంగారం కూడా కలిపి నూరుతారు. దాని గొప్పంతా, ధరంతా ఆ బంగారం పేరు మీదే. కానీ కుప్పె వేడికి పాదరసం, గంధకం ఆవిరవుతాయి గానీ, బంగారం మరగాలంటే 2,800 డిగ్రీలు పైనే కావాలి. మెడలో పేరుకున్న ఎర్రటి మందు గీకి తీశాక కుప్పె పగలగొట్టి చూస్తే బంగారం దాదాపు అంతా అడుగునే ఉంటుంది.