జానకు అందని మెట్లు

కర్నూలు బజారులో మూర లెక్కన పూలు కొనేవారు, చెయ్యి పొడుగున్న మనిషి దగ్గరే కొనాలని నవ్వుతూ చెప్పుకుంటారు. మూర, జాన, జిట్టెడు, బెత్తెడు అన్నవి మనిషి చేతినుంచి పుట్టిన కొలతలు గనుక మనిషికీ మనిషికీ మారడం వాటి స్వభావం. గిటారు కొలతలు అలా పుట్టినవి కావు. దాని మెట్ల మధ్య దూరాలు శ్రుతుల నిష్పత్తినుంచి వచ్చాయి. వాయించేవారి వేళ్ళు పొట్టివా పొడుగువా అన్న విచారం వాటికి లేదు. అందుకే అమెరికా నల్లజాతివారి సంగీతమైన బ్లూస్ నేర్చుకోవడం మొదలుపెట్టిన నాలుగైదు వారాలకే చాలామంది తమ చిటికెన వేలిని నిందించుకుంటారు. ఆ పని నేనూ కొన్ని నెలలపాటు శ్రద్ధగా చేశాను. (వీణకు మెట్లన్నట్టే గిటారు ఫ్రెట్లనూ ఈ వ్యాసంలో మెట్లనే అంటాను.)

మా ఊళ్ళో గిటారు పట్టినవారిలో నాకు తెలిసిన పిల్లలు ఎక్కువమంది చర్చి పాటలతోనే చెయ్యి తిప్పడం నేర్చుకున్నారు. ఆ పాటలకు కావలసిన జి, సి, డి, ఈ మైనర్ కార్డులన్నీ (కార్డంటే కలిపి మోగించే కొన్ని స్వరాల గుంపు) మొదటి మూడు మెట్లలోనే, తెరచిన తీగల, అంటే ఏ మెట్టు దగ్గరా నొక్కని తీగల, సాయంతో కుదురుతాయి కనుక వేళ్ళు పెద్దగా చాచవలసిన పని ఉండదు. బ్లూస్ పాట కింద ఊగుతూ సాగే 'షఫుల్' నడక దగ్గరికి వచ్చేసరికి ఆ వెసులుబాటు పోతుంది. 'ఏ' శ్రుతిలో వాయించాలంటే ఆరవ తీగమీద 5వ మెట్టు దగ్గర చూపుడు వేలు షడ్జమాన్ని పట్టుకొని ఉండగా, ఐదవ తీగమీద 7వ మెట్టు దగ్గర ఉంగరపు వేలు పంచమాన్ని పలికించాలి. ఆ వెంటనే, షడ్జమాన్ని వదలకుండానే, చిటికెన వేలు 9వ మెట్టు దగ్గరి చతుశ్రుతి ధైవతాన్ని అందుకోవాలి. స-ప, స-ప, స-ద, స-ద అంటూ పన్నెండు బార్ల (బార్ అంటే నాలుగు దెబ్బల తాళ ఖండం) పొడవునా ఈ నడక సాగుతుంది. కొన్నిచోట్ల చిటికెన వేలు మరో మెట్టు ముందుకు, కైశికి నిషాదం దాకా కూడా పోవలసి వస్తుంది.

ఈ నడక నిజానికి గిటారుకోసం పుట్టింది కాదు. అమెరికా నల్లజాతి సంగీతకారులు పియానోమీద ఎడమచేత్తో వాయించిన బూగీ-వూగీ వరసను గిటారు మంద్రతీగలమీదికి మళ్ళించినవారిలో రాబర్ట్ జాన్సన్ పేరు ముందుగా చెబుతారు. మిసిసిపీలో పుట్టి, 1938లో 27 ఏళ్ళకే చనిపోయిన ఆయన, 1936లో శాన్ ఆంటోనియోలోనూ 1937లో డల్లాస్‌లోనూ రికార్డు చేసిన 29 పాటలే ఆ తరువాతి తరాలకు పాఠాలయ్యాయి. పియానోమీద స-ద దూరాన్ని అందుకోవడానికి బొటనవేలు, చిటికెన వేలు రెండూ దొరుకుతాయి, అంటే చేతికి జాన మొత్తం అందుబాటులో ఉంటుంది. గిటారుమీద బొటనవేలు నెక్ (మెట్లుండే పొడుగాటి భాగం) వెనక ఆసరాగా నిలబడాలి గనుక జానలో మూడోవంతు అక్కడే పోతుంది. చూపుడు వేలినుంచి చిటికెన వేలి వరకు ఉన్న భాగంతోనే సర్దుకోవాలి.

ఇక మెట్ల లెక్క. ఫెండర్ స్ట్రాటోకాస్టర్ వంటి గిటార్లలో (తీగలు తలవైపు ఆనే పట్టె నట్, రెండో కొసన ఆనేది బ్రిడ్జి) నట్‌కూ బ్రిడ్జికీ మధ్య తీగ పొడవు 25.5 అంగుళాలు, అంటే దాదాపు 648 మిల్లీమీటర్లు. ఒక స్థాయిని పన్నెండు సమానమైన అడుగులుగా విభజించడం వల్ల, ప్రతి మెట్టునూ మిగిలిన తీగ పొడవులో 17.817వ వంతు దూరంలో బిగిస్తారు. ఆ లెక్కన నట్‌నుంచి మొదటి మెట్టు 36.4 మిల్లీమీటర్ల దూరంలో ఉంటుంది. బ్రిడ్జివైపునుంచి నట్‌వైపు వెనక్కి వస్తూ చూస్తే, ఒక్కొక్క ఖాళీ అంతకు ముందుదానికన్నా నూటికి దాదాపు ఆరు చొప్పున పెరుగుతుంది. మా సీమలో అప్పు చేసినవారికి ఇది చక్రవడ్డీ అని వెంటనే తట్టుతుంది: ఈ రేటున పన్నెండు విడతలు తిరిగేసరికి అసలు రెట్టింపవుతుంది, పన్నెండు మెట్లు వెనక్కి వస్తే ఖాళీ కూడా సరిగ్గా రెట్టింపవుతుంది. షఫుల్‌లో చేతికి కావలసింది నాలుగు మెట్ల దూరం. అది 10వ మెట్టు దగ్గర మొదలుపెడితే 75 మిల్లీమీటర్లు, 5వ మెట్టు దగ్గర 100, మొదటి మెట్టు దగ్గర 126. తీగ పొడవు 24.75 అంగుళాలు ఉండే గిబ్సన్ తరహా గిటారు కొన్నా ఈ 126 మిల్లీమీటర్లు 122కు మాత్రమే తగ్గుతుంది కాబట్టి, వేళ్ళు అందడంలేదని గిటారు మార్చుకోవడం నా దృష్టిలో డబ్బు దండగ.

నన్ను ఆలోచింపజేసింది మరో కొలత. ఎడమచేతిని బల్లమీద పరచి, చూపుడు వేలి కొసనుంచి చిటికెన వేలి కొస వరకు స్కేలుతో కొలిస్తే 145 మిల్లీమీటర్లు వచ్చింది. ఈ చెయ్యి మొదటి మెట్టు దగ్గరి 126ను కూడా సులువుగా అందుకోవాలి, కానీ 5వ మెట్టు దగ్గరి 100ను అందుకోవడానికే తంటాలు పడుతోంది. వేళ్ళ మొదట్లోని మెటికల దగ్గర వేళ్ళను సగం వంచి మళ్ళీ కొలిచాను, 110 వచ్చింది. దాదాపు లంబకోణానికి వంచి కొలిస్తే 75 కూడా రాలేదు. ఎముకలు అవే, వేళ్ళు అవే. మారింది మెటికల వంపు ఒక్కటే.

ఇది ఎవరికివారు చూసుకోదగిన విషయం. అరచేతిని చాచి వేళ్ళను విప్పితే అవి విసనకర్రలా విచ్చుకుంటాయి. పిడికిలి బిగించి, మెటికల వంపు అలాగే ఉంచి వేళ్ళను పక్కలకు విప్పబోతే అవి కదలవు. మెటిక కీలుకు రెండు పక్కలా లిగమెంట్లనే గట్టి పట్టీలు ఉంటాయి. మెటిక ఎముక తల గుండ్రటి గోళం కాదు. అది అరచేతివైపు వెడల్పుగా, ముందుకు ఉబ్బి ఉంటుంది. ఆ పట్టీలు పుట్టేది కీలు తిరిగే ఇరుసుకు సరిగ్గా మధ్యన కాదు, కాస్త చేతి వెనకవైపుకు జరిగి. అందువల్ల వేలు చాచి ఉన్నప్పుడు పట్టీలు వదులుగా ఉండి పక్కలకు కదలనిస్తాయి, వేలు వంగేకొద్దీ ఆ ఉబ్బుమీదుగా లాగబడి బిగుసుకుంటాయి. చెయ్యి విరిగినవారికి కట్టు కట్టేటప్పుడు ఎముకల వైద్యులు మెటికలను వంచి ఉంచేది కూడా ఇందుకే: చాచిన భంగిమలో వారాలపాటు వదిలేస్తే, వదులుగా ఉన్న పట్టీలు అలాగే కుదించుకుపోయి తరువాత వేళ్ళు వంగవు.

బ్లూస్ విద్యార్థి కష్టానికి మూలం ఈ పట్టీలలో ఉంది. బ్లూస్‌లో తీగను లాగడం ముఖ్యం గనుక, అందరూ మొదట నెక్‌ను గొడ్డలి కామలాగా గుప్పిట పట్టి, బొటనవేలిని పైకి తెచ్చి వేలాడదీయడం నేర్చుకుంటారు. తీగను పక్కకు లాగడానికి ఆ పట్టు మంచిదే. వీణలో గమకంకోసం తీగను లాగినట్టే ఇక్కడా రెండు మూడు వేళ్ళు ఒకదాని వెనక ఒకటి ఆనుకొని బలాన్ని పంచుకుంటాయి, విచ్చుకోవలసిన అవసరం వాటికి లేదు. కానీ ఆ పట్టులో అరచెయ్యి నెక్‌కు అతుక్కొని మెటికలు బాగా వంగుతాయి, మెటికలు వంగిన చేతిని చాచమంటే అది చాచలేదు. షఫుల్ వాయించేటప్పుడు బొటనవేలిని నెక్ వెనక మధ్యకు, నడిమి వేలికి ఎదురుగా దించి, అరచేతికీ నెక్‌కూ మధ్య ఖాళీ వదిలితే, మెటికలు చదునై వేళ్ళు పక్కలకు తెరుచుకుంటాయి. అంటే ఒకే పాటలో చేతికి రెండు పట్లు అవసరం. ఒకటే పట్టుతో అన్నీ వాయించాలన్న పట్టుదలవల్లే నా మొదటి ఆరు నెలలు వృథా అయ్యాయని ఇప్పుడు అనిపిస్తుంది.

బొటనవేలిని దించినప్పుడు మణికట్టు లోపలికి మడతపడకుండా చూసుకోవాలి. వేళ్ళను వంచే కండరాలు వేళ్ళలో లేవు, ముంజేతిలో ఉన్నాయి. అక్కడినుంచి టెండాన్లనే తాళ్ళు మణికట్టు దాటి వేళ్ళకు వస్తాయి. మణికట్టు పూర్తిగా మడిస్తే ఆ తాళ్ళు వదులై పట్టు సడలుతుంది. మణికట్టు మడిచి పిడికిలి బిగించి చూస్తే ఎంత బలహీనంగా ఉంటుందో తెలుస్తుంది. గిటారును తొడమీద పడుకోబెట్టకుండా నెక్‌ను కాస్త పైకెత్తి పట్టుకుంటే మణికట్టు దానంతటదే తిన్నగా వస్తుంది. నిలబడి వాయించేవారు గిటారును వేలాడదీసుకునే భుజం పట్టీని పొట్టిగా చేసుకోవాలి. మోకాళ్ళ దాకా వేలాడే గిటారు ఫొటోలకు బాగుంటుంది.

చిటికెన వేలి సంగతి విడిగా చెప్పాలి. అరచేతిని బల్లమీద బోర్లించి, నడిమి వేలిని లోపలికి మడిచి, ఉంగరపు వేలిని పైకెత్తడానికి ప్రయత్నిస్తే అది లేవదు. చేతి వెనక భాగాన నడిమి, ఉంగరపు, చిటికెన వేళ్ళ తాళ్ళను అడ్డపట్టీలు కలిపి ఉంచుతాయి. వేళ్ళను మడిచే లోతు కండరం కూడా ఈ మూడింటికీ చాలామటుకు ఉమ్మడి ఆస్తి. చూపుడు వేలు వీటికన్నా స్వతంత్రం: దానికి చాచడానికి సొంత కండరం ఉంది, పక్కకు తెరవడానికి కూడా బలమైన కండరం ఉంది. దీన్నిబట్టి రెండు పనులు చేయవచ్చు. మొదటిది, చూపుడు వేలిని స్థిరంగా నిలిపి చిటికెన వేలిని ముందుకు తోయడానికి బదులు, చిటికెన వేలిని 9వ మెట్టు దగ్గర ముందు పెట్టి, చూపుడు వేలిని వెనక్కి 5వ మెట్టుకు చాచడం. దూరం అదే అయినా, చాచే పని స్వతంత్రమైన వేలికి పడుతుంది. రెండవది, ధైవతం పలికేటప్పుడు ఉంగరపు వేలిని 7వ మెట్టు దగ్గర నొక్కి ఉంచకపోవడం. ఒకే తీగమీద పై మెట్టు మోగుతున్నప్పుడు కింది మెట్టును నొక్కినా వినిపించేదేమీ ఉండదు. ఉంగరపు వేలిని వదిలేస్తే అది చిటికెన వేలితో కలిసి ముందుకు పోతుంది, ఆ రెండింటినీ విడదీసే పోరాటం తప్పిపోతుంది.

వేలు మెట్టుకు ఎంత దగ్గరగా ఆనుతోందన్నది చిన్న విషయంగా కనిపిస్తుంది గాని లెక్కలో పెద్దది. చూపుడు వేలు 5వ మెట్టును ఆనుకోకుండా తన గది వెనక గోడ దగ్గర, అంటే 4వ మెట్టు పక్కన కూర్చుంటే, 100 మిల్లీమీటర్ల దూరం దాదాపు 129 అవుతుంది. దానికి తోడు, చిటికెన వేలు మెట్టుకు దూరంగా పడితే తీగ బిరబిరలాడకుండా ఉండడానికి మరింత బలంగా నొక్కాలి. చిటికెన వేలు బలహీనమని అనుకునేవారిలో చాలామందికి నిజానికి అది ఒక సెంటీమీటరు వెనక పడుతోంది, అంతే. తీగలు మరీ ఎత్తుగా ఉన్న గిటారు కూడా ఇలాగే మోసం చేస్తుంది. కర్నూలు ఎండల్లో పొడిగాలికి చెక్క కుదించుకొని నెక్ వంపు మారుతుంది గనుక, వేసవి తరువాత ఒకసారి సరిచూపించుకోవడం మంచిది. గిటారు మొత్తాన్ని ఒక అర్ధస్వరం కిందికి శ్రుతి చేస్తే తీగల బిగువు నూటికి పదకొండు తగ్గుతుంది, వేళ్ళకు ఆ మేరకు సుఖం.

సాధనకు చక్రవడ్డీని తిరగేసి వాడుకోవచ్చు. 75 మిల్లీమీటర్లే అవసరమయ్యే 10వ మెట్టు దగ్గర షఫుల్ మొదలుపెట్టి, రోజుకు పది నిమిషాలు వాయించి, స్వరాలు స్పష్టంగా పలికిన తరువాతే ఒక మెట్టు కిందికి దిగాలి. 79, 84, 89, 94, 100 అని ప్రతిసారి నాలుగునుంచి ఆరు మిల్లీమీటర్లే పెరుగుతుంది గనుక చెయ్యి పెద్దగా ఎదురుతిరగదు. దీనివల్ల వేళ్ళు పొడుగవవు. చాచినప్పటి బిగువును నరాలు ప్రమాదంగా భావించడం తగ్గుతుంది, అనవసరంగా బిగుసుకునే కండరాలు ఊరుకోవడం నేర్చుకుంటాయి. రెండో చేత్తో వేళ్ళను లాగి సాగదీయడం మాత్రం నేను ఎవరికీ చెప్పను. సాధనలో నొప్పి మొదలైతే ఆపాలి. చిటికెన వేలిలో, దాని పక్క వేలిలో తిమ్మిరి వస్తే మోచేతిని చూసుకోవాలి: వేళ్ళను పక్కలకు విప్పే కండరాలకు ఆజ్ఞలు మోసే నరం మోచేతి వెనకనుంచే, దెబ్బ తగిలితే జివ్వుమనే ఆ చోటునుంచే, వెళ్తుంది. మోచేతిని గంటలకొద్దీ బాగా ముడిచి ఉంచితే అది నలుగుతుంది. తిమ్మిరి తగ్గకపోతే వైద్యుణ్ణి కలవాలి.

చాచకుండా తప్పించుకోవడం కూడా విద్యే. వీణ వాయించేవారు దూరపు మెట్లకోసం వేళ్ళు చాచరు, చేతినే జరుపుతారు. బి.బి. కింగ్ కార్డులు తనకు సరిగా రావని బాహాటంగానే చెప్పుకొని, ఒంటి తీగ పలుకుబడితోనే జీవితమంతా నెట్టుకొచ్చారు. 'ఏ' శ్రుతి షఫుల్‌కు కావలసిన 'ఏ', 'డి', 'ఈ' అనే మూడు షడ్జమాలూ తెరచిన తీగలుగానే గిటారులో ఉన్నాయి. ఆ తీగలను మోగనిచ్చి, పక్క తీగమీద చూపుడు వేలితో 2వ మెట్టును, ఉంగరపు వేలితో 4వ మెట్టును నొక్కితే పన్నెండు బార్లూ చెయ్యి నొవ్వకుండా పూర్తవుతాయి. పాడేవారి గొంతు బి శ్రుతి అయితే 2వ మెట్టు దగ్గర, సి అయితే 3వ మెట్టు దగ్గర కేపో (తీగలన్నిటినీ ఒక మెట్టు దగ్గర నొక్కి ఉంచే బిగింపు) బిగించి అదే వాయించవచ్చు.

నేను ఇప్పటికి 5వ మెట్టు దగ్గర మూడు ఆవృత్తాలు ఆగకుండా వాయించగలుగుతున్నాను. జి శ్రుతికి 3వ మెట్టు దాకా దిగాలి, అక్కడ దూరం 112 మిల్లీమీటర్లు. అది ఇంకా లొంగలేదు. జి శ్రుతిలో పాడే మిత్రుడు వచ్చినప్పుడు 3వ మెట్టు దగ్గర కేపో పెట్టి, 'ఈ' శ్రుతి వేళ్ళతో వాయిస్తాను, పంచమంమీద కట్టే ఐదవ కార్డుకు తెరచిన తీగ దొరకదు గనుక అక్కడ షఫుల్ మాని మామూలు బి సెవెన్త్ కార్డు పట్టుకుంటాను. అతను ఇంతవరకు తేడా కనిపెట్టలేదు.