‘మమ్‌జేర్’ అంటే పది తరాల శాపమా?

‘మమ్‌జేర్’ అనే హీబ్రూ మాట ఉన్న వచనం ద్వితీయోపదేశకాండము 23:2. అలాంటివాడు పదో తరం వరకు యెహోవా సమాజంలో చేరకూడదని అది చెబుతుంది. దాన్ని చూపించి, పెళ్లి కాకుండా పుట్టిన బిడ్డ వంశానికి పది తరాల శాపం ఉందని చెప్పేవారిని చూస్తే నాకు కోపం ఆగదు. నేను హీబ్రూ పాఠాలు చెబుతాను. ఇంతగా జనాన్ని ఏడిపించిన వచనం మరొకటి నా ఎదుటికి రాలేదు. తరగతి అయ్యాక ఒక అమ్మాయి ఆగి, “సార్, మా నాన్న ఒకటో తరం, నేను రెండోదాన్ని. నా పిల్లల్ని కూడా లెక్కలో వేయాలా?” అని అడిగింది. నానమ్మ పెళ్లి కాకుండా బిడ్డను కన్న సంగతి తెలిసి ఎవరో, శాపం వదిలించే విడుదల ప్రార్థన పేరుతో ఈ అమ్మాయి చేత ఉపవాసాలు చేయించారు. మనిషి సగమైపోయింది.

అపోహ: మమ్‌జేర్ అంటే పెళ్లి కాకుండా పుట్టినవాడు, అతని వంశం శాపగ్రస్తం.

వాస్తవం: ఈ మాట పాత నిబంధనలో రెండే చోట్ల ఉంది: ఇక్కడ, జెకర్యా 9:6లో. హీబ్రూ ప్రతిలో ఇక్కడి వచనం సంఖ్య 3, వెతికేటప్పుడు కంగారు పడకండి. శాపం అనే మాటే ఈ వచనంలో లేదు. శాపాల జాబితా 27, 28 అధ్యాయాలది. ‘సమాజంలో చేరకూడదు’ అంటే ఇశ్రాయేలీయులతో వియ్యం కూడదని రబ్బీలు (యూదుల మతగురువులు) అర్థం చెప్పారు. యూదుల ధర్మశాస్త్రం ప్రకారం, పెళ్లాడడానికి అడ్డులేని ఇద్దరికి పెళ్లికి ముందు పుట్టిన బిడ్డ మమ్‌జేర్ కానే కాదు. వివాహిత పరపురుషుడి వల్ల కన్న బిడ్డ, వావివరుసలు తప్పిన కలయికలో పుట్టిన బిడ్డ, మమ్‌జేర్‌కు పుట్టిన బిడ్డ మాత్రమే ఆ లెక్కలోకి వస్తారు.

పెరెసు యూదాకు అతని కోడలు తామారు కన్న కొడుకు. “దావీదు పెరెసు మొదలుకొని పదో తరంవాడు, శాపం అప్పటికి తీరింది” అని వేదికలెక్కి చెబుతున్నారు. రూతు 4వ అధ్యాయంలో వరుస లెక్కపెట్టండి: పెరెసు, హెస్రోను, రాము, అమ్మీనాదాబు, నయస్సోను. ఐదో తరం ఆ నయస్సోనే యూదా గోత్రానికి ప్రధానుడు. ప్రత్యక్ష గుడారం దగ్గర అందరికన్నా ముందు అర్పణ తెచ్చింది అతడే. సంఖ్యాకాండము 7:12 తెరవండి. పదో తరం దాకా ఎవరు ఆగారు?

మిగతావి క్లుప్తంగా. ‘మూమ్ జార్’ అంటే ‘పరాయి కళంకం’, అదే మమ్‌జేర్ మాటకు ధాతువు అనేది తల్మూదులోని (రబ్బీల చర్చల గ్రంథంలోని) పదచమత్కారం. అసలు ధాతువు ఏదో పండితులు తేల్చలేదు. వేశ్య కొడుకైన యెఫ్తాను బైబిలు ఎక్కడా మమ్‌జేర్ అనలేదు; అతడు ఆరేళ్లు న్యాయాధిపతిగా ఉన్నాడు.

మమ్‌జేర్ అయినవాణ్ణి యూదులు వెలివేశారన్నదీ నిజం కాదు. చదువు లేని ప్రధాన యాజకుడికన్నా ధర్మశాస్త్రం నేర్చిన మమ్‌జేర్ ముందు అని మిష్నాలోనే (రబ్బీల తొలి ధర్మ సంకలనంలోనే) రాసి ఉంది.